అద్దాలాయన తమ్ముడు

ఆ ఆదివారం పొద్దున పెద్దవాడు మనసులో వేసుకున్న ఏర్పాట్లలో పొరపాటుకు సందు లేదు. ముందు హెడ్మాస్టారింటికి వెళ్ళాలి. వస్తూ వస్తూ స్టూడియోలో నాన్న ఫోటో తీసుకోవాలి. మధ్యాహ్నం గ్రంథాలయం మేడమీది గదిలో కుర్చీలు వేయించి, మైకు పనిచేస్తోందో లేదో తనే ఊది చూసుకోవాలి. సాయంత్రం అందరూ వస్తారు, నాలుగు మంచి మాటలు చెబుతారు. చీకటి పడకముందే అమ్మను క్షేమంగా ఇంటికి తీసుకొచ్చేస్తే నాన్న సంస్మరణ సభ ముగిసినట్టే.

అమ్మను క్షేమంగా తీసుకురావడమే అసలు పని. మిగిలినవన్నీ దాని చుట్టూ ఉన్న కుర్చీలు, మైకులు.

వాళ్ళ నాన్నను ఊరంతా అద్దాలాయన అని పిలిచేది. దర్జీ కొట్టు పక్కన ఆయనకో చిన్న కళ్ళజోళ్ళ దుకాణం ఉండేది. చూపు సరిచేయడం ఎంత వచ్చో, మాట విసరడం అంతకు రెండింతలు వచ్చు. ఒకావిడ ఫ్రేము పెట్టుకుని అద్దంలో అటూ ఇటూ తిరిగి, "ఇది పెట్టుకుంటే నేనెలా ఉన్నానండీ?" అని అడిగితే, "అమ్మా, ఈ అద్దాలు మీరు చూడ్డానికి. మీరెలా ఉన్నారన్నది ఎదుటివాళ్ళ అద్దాల సంగతి" అన్నాడట. చివరి రోజుల్లో డాక్టరు మొహం ముందు వేళ్ళు ఆడించి ఎన్ని కనిపిస్తున్నాయని అడిగితే, "వేళ్ళు బాగానే ఉన్నాయి డాక్టరు గారూ, మీ కళ్ళజోడే కాస్త వంకరగా ఉంది, ఇలా ఇవ్వండి" అని చేయి చాపాడు. ఆ కళ్ళజోడు సరిచేసి ఇచ్చాకే పడుకున్నాడు.

ఆయన పోయినప్పటి నుంచీ పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ ఇలాంటిదొకటి మోసుకొచ్చారు. వచ్చినవాళ్ళు నవ్వుతూ ఏడ్చి, మనసు తేలికపడి వెళ్ళిపోయేవాళ్ళు. అమ్మ మాత్రం రోజురోజుకూ ముడుచుకుపోయింది. ఒకరోజు కొడుకును పిలిచి కూర్చోబెట్టింది.

"ఇన్నేళ్ళు కాపురం చేశాన్రా. రోజుకొకళ్ళు వచ్చి నాకు తెలీని మనిషిని తెచ్చి నా ముందు కూర్చోబెట్టి పోతున్నారు. నాకు తెలిసినవాడు తరిగిపోతున్నాడు. సభ పెడతానంటున్నావు, పెట్టు. వస్తాను. కానీ ఆయన గురించి నాకు తెలీని సంగతి ఒక్కటి అక్కడ బయటపడినా లేచి వచ్చేస్తాను. ఇక ఎవరింటికీ రాను, ఎవర్నీ రానివ్వను."

"అలా జరగదమ్మా, నాదీ పూచీ" అన్నాడు పెద్దవాడు.

ఆ ఇంట్లో డిగ్రీ పుచ్చుకున్న మొదటి మనిషి అతనే. నీటి సరఫరా ఆఫీసులో ఉద్యోగం. మాట ఇచ్చాడంటే రసీదు మీద ముద్ర కొట్టి ఇచ్చినంత. "మావాడికి జోకు చెబితే ముందు అర్థం చేసుకుంటాడు, తర్వాత ఒప్పుకుంటాడు, నవ్వడం మాత్రం వాయిదా వేస్తాడు" అనేవాడు అద్దాలాయన. అలాంటి కొడుకు కనుక, సభలో మాట్లాడబోయే ప్రతివాళ్ళ దగ్గరికీ వెళ్ళి ఏం చెబుతారో ముందే విని, ఇంటికొచ్చి అమ్మకు వినిపించాడు. అమ్మ తలాడించినవే సభకు ఖాయం చేశాడు. దర్జీ చెప్పబోయేది విన్నాడు. కాలేజీ లైబ్రేరియన్‌ది విన్నాడు. మేనత్తది కన్నీళ్ళతో సహా విన్నాడు. మిగిలింది సభాధ్యక్షుడైన హెడ్మాస్టారొక్కరే. ఆయన్ను చివరికి ఉంచడానికి కారణం, ఆయన నోరు విప్పితే మధ్యలో ఆపే మార్గం ఆ ఊళ్ళో ఇంతవరకూ ఎవరికీ దొరకకపోవడమే.

పదవీ విరమణ చేసి చాలా కాలమైనా హెడ్మాస్టారు ఇంకా పాఠం చెబుతున్నట్టే ఉంటారు. వాకిట్లో పేపరు చదువుతూ కనిపించారు.

"మాస్టారూ, సాయంత్రం మీరేం మాట్లాడతారో రెండు ముక్కల్లో చెబితే..."

"నేనా? నేనేం మాట్లాడనోయ్" అన్నారాయన పేపరు మడిచి.

పెద్దవాడికి ప్రాణం లేచొచ్చింది. ఆ లేచిన ప్రాణం ఎక్కువసేపు నిలబడలేదు.

"నా సమయం అంతా మీ బాబాయికి ఇచ్చేస్తున్నాను. ఆయన మాట్లాడాలి."

"ఏ బాబాయండీ?"

"అదేమిటయ్యా! మీ నాన్న సొంత తమ్ముడు!"

పెద్దవాడు నవ్వబోయి, వాయిదా వేశాడు. నాన్నకు తోడబుట్టింది ఒక్క అక్కే. తమ్ముడనేవాడు ఎక్కడా లేడు.

హెడ్మాస్టారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "నీకు తెలీదని నాకు తెలుసులే. అన్నదమ్ములకి మాటల్లేవు. 'నన్ను కలిసినట్టు అన్నయ్యకి గానీ, ఇంట్లోవాళ్ళకి గానీ చెప్పొద్దు' అని నాతో ఒట్టేయించుకున్నాడు. ఇప్పుడు అన్నే లేడు, ఇంకెందుకు దాపరికం? గ్రంథాలయం వెనక పార్కు బెంచీ ఉందే, రోజూ సాయంత్రం అక్కడే కలిసేవాళ్ళం. అచ్చం మీ నాన్న పోలికే. అయితే ఊలు టోపీ. కళ్ళజోడు లేదు. గమ్మత్తు చూడు, అన్న ఊరంతటికీ కళ్ళజోళ్ళు అమ్ముతాడు, తమ్ముడికి చత్వారమే లేదు! గంభీరమైన మనిషి. నేనేం చెప్పినా చివరిదాకా వింటాడు. మీ నాన్న గొప్పవాడే, కాదన్ను. కానీ ఆయన్ని కదిలిస్తే వంద మాటలు. నన్ను ఒక్క వాక్యమూ పూర్తి చేయనిచ్చేవాడు కాదు."

ఊలు టోపీ అనగానే పెద్దవాడికి దుకాణం గుర్తొచ్చింది. అక్కడ తలుపు వెనక మేకుకు ఒక ఊలు టోపీ వేలాడుతూ ఉండేది. ఎవరిదని అడిగితే నాన్న, "ఒక బంధువుది, అప్పుడప్పుడూ వచ్చి పెట్టుకెళ్తాడు" అనేవాడు. "హెడ్మాస్టారు ఎదురైతే ఆ పూటకి దుకాణం మూసినట్టేరా" అనేవాడు కూడా. ఈ రెండు మాటలూ ఇప్పుడు పక్కపక్కన వచ్చి నిలబడ్డాయి. వీధిలో హెడ్మాస్టారికి దొరికిపోయిన నాన్న, తప్పించుకోవడానికి గబుక్కున కళ్ళజోడు జేబులో వేసుకుని, "మీరు పొరబడ్డారు, నేను ఆయన తమ్ముణ్ణి" అన్న దృశ్యం పెద్దవాడికి కళ్ళకు కట్టింది.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. చెబితే ఏమవుతుంది? ఇన్నేళ్ళూ తనను ఆడించారన్న కోపంతో హెడ్మాస్టారు దాన్ని వేదిక ఎక్కిస్తారు. ముందు వరసలో కూర్చున్న అమ్మ వింటుంది. లేచి వెళ్ళిపోతుంది. తెరిచిన నోటిని ఊరికే మూయలేక, పెద్దవాడు జీవితంలో మొదటి అబద్ధం చెప్పాడు.

"బాబాయి... రాలేరండి. ఒంట్లో బాలేదు."

మొదటి అబద్ధం కావడం వల్ల దానికి రెండోది సిద్ధం చేసుకోలేదు.

"అయ్యో! పద, చూసొద్దాం" అంటూ హెడ్మాస్టారు చెప్పుల్లో కాళ్ళు పెట్టారు.

"ఎవర్నీ చూడనివ్వట్లేదండి!"

"ఎవరు?"

"డాక్టరు."

"డాక్టరు వద్దన్నాడా! అంటే ఆసుపత్రిలో చేర్చారా? అన్నయ్య పోయిన దిగులేనోయ్ అది. పైకి మాటల్లేవంటారు గానీ రక్తం ఊరుకుంటుందా?"

పెద్దవాడు తల ఊపాడో, తల వణికిందో అతనికే తెలియదు. నమస్కారం పెట్టి వీధిలో పడ్డాడు.

హెడ్మాస్టారికి కబురు దాచుకునే అలవాటు లేదు. ఒట్టు ఉన్నంతకాలం ఎలా దాచారో గానీ, ఒట్టు తీరిన కాసేపటికే ఊళ్ళో సగం ఫోన్లు మోగాయి. పెద్దవాడు దుకాణాల వీధికి వచ్చేసరికి దర్జీ మెడలో టేపుతో పరిగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నాడు.

"బాబూ, మీ బాబాయికి చాలా ఎక్కువగా ఉందట గదా! ఇన్నేళ్ళు పక్క కొట్లో ఉన్నాను, మీ నాన్న ఒక్క మాట చెప్పలేదు చూడు. ఆ తలుపు వెనక టోపీ ఆయనదేనన్నమాట!"

"అంత ఎక్కువేం కాదండి..."

"నాకు తెలుసులే, మీరు అమ్మగారి కోసం దాస్తున్నారు. నేనెవరికీ చెప్పను" అన్నాడు దర్జీ, వీధికి అవతల ఉన్న బేకరీ అతనికి కూడా వినబడేలా.

స్టూడియోలో ఫోటోగ్రాఫరు నాన్న పటాన్ని గుడ్డతో తుడిచి చేతికిచ్చి, నసిగాడు. "అనకూడదు గానీ సార్, మీ బాబాయిగారి ఫోటో ఏదైనా ఉంటే ఇప్పుడే ఇచ్చి వెళ్ళండి. తీరా అప్పుడు కంగారుగా వస్తారు. ఇదే సైజు, ఇదే ఫ్రేము. జతగా ఉంటుంది."

పెద్దవాడు పటాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాడు. పటంలో నాన్న ఏమీ ఎరగనట్టు, కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని చూస్తున్నాడు.

ఇంటి ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. హాల్లో పండ్ల సంచులతో జనం. వాళ్ళ మధ్య కుర్చీలో మేనత్త. అద్దాలాయన కంటే పెద్దది, అమ్మ కంటే పెద్ద గొంతుది. చెల్లెలు వంటింటి గుమ్మంలో నిలబడి, రమ్మని కళ్ళతోనే అన్నకు సైగ చేసింది. కానీ మేనత్తను దాటుకుని వెళ్ళడం ఎవరి తరం?

"రా నాయనా రా! డిగ్రీ చదివావు కదా, ఇది చెప్పు. వీళ్ళంతా వచ్చి నీ తమ్ముడికి ఎలా ఉందని నన్ను అడుగుతున్నారు. నాకు తమ్ముడు ఒక్కడే! వాడు పోయాడు! వీడెవడు?"

"అత్తయ్యా, మెల్లగా. అమ్మ లోపల..."

"అచ్చం మా వాడి పోలికేనట! పోలిక ఊరికే వస్తుందా? మా అమ్మ కన్నది మా ఇద్దర్నే. అంటే ఏమిటి?" మేనత్త కుర్చీ చేతిని ఒక్కటి చరిచింది. "మా నాన్న నెలకోసారి పని మీద పొరుగూరు వెళ్ళొచ్చేవాడు. ఏం పని నాన్నా అంటే, నీకు అర్థం కాదులే అనేవాడు. ఇప్పుడర్థమైందిరా ఏం పనో! పటంలో ఎంత పెద్దమనిషిలా నిలబడ్డాడు చూడు!"

గోడ మీద తాతగారు తెల్లమీసాలతో, ఒక్క తప్పూ చేయని మనిషికి మాత్రమే ఉండే చూపుతో అందరినీ చూస్తున్నారు. వచ్చినవాళ్ళు ఆ పటాన్ని కొత్త ఆసక్తితో పరిశీలించారు.

"ఏమిట్రా ఆ గొడవ?" లోపలి గదిలోంచి అమ్మ గొంతు.

"ఏం లేదమ్మా! కుర్చీలు! కుర్చీలు సరిపోతాయా లేదా అని!"

వంటింట్లోకి వెళ్ళి చెల్లెలికి జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, గోడకు ఆనుకుని, కాసేపు ఊపిరాడనట్టు కదిలిపోయింది. అది ఏడుపు కాదని పెద్దవాడికి ఆలస్యంగా తెలిసింది. చెల్లెలికి నాన్న నోరూ నాన్న నవ్వూ రెండూ వచ్చాయి.

"నవ్వుతావేమే! ఒకవంక అమ్మ..."

"అది కాదన్నయ్యా, హెడ్మాస్టారి కళ్ళజోడు చేసింది ఎవరు? నాన్నే! నాన్న చేసిన అద్దాల్లోంచి చూసి నాన్ననే గుర్తుపట్టలేదంటే దుకాణం పరువేం కాను? ఈ సంగతి బయటికి పొక్కనివ్వకు." అంతలోనే ఆమె మొహం మారింది. "కానీ అమ్మ సంగతి నిజమే. ఆయనకో తమ్ముడున్నాడని ఈ పూట వింటే ఇక మనకి దక్కదు. వెళ్ళి మాస్టారికి నిజం చెప్పేసెయ్. కాళ్ళు పట్టుకో. సభలో ఆ మాట ఎత్తొద్దని అడుగు."

పెద్దవాడు మళ్ళీ హెడ్మాస్టారింటికి పరిగెత్తాడు. తలుపు తీసిన కోడలు ఆశ్చర్యపోయింది. "మామయ్యగారు లేరండి. మీ బాబాయిగారిని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళారుగా! డాక్టరు వద్దంటే డాక్టరుతోనే మాట్లాడతానన్నారు."

ఇక పెద్దవాడు ఆసుపత్రికి ఉరికాడు. వెళ్తూ దారిలో ధైర్యం చెప్పుకున్నాడు. లేని మనిషి ఆసుపత్రిలో మాత్రం ఎక్కడ ఉంటాడు? లేడని చెప్పి పంపించేసి ఉంటారు. హెడ్మాస్టారు గేటు దగ్గరే ఎదురుపడతారు, అక్కడే నిజం చెప్పేయొచ్చు.

హెడ్మాస్టారు గేటు దగ్గర లేరు. పెద్దవాడు వార్డులోకి వెళ్ళి విషయం చెప్పగానే నర్సు చేతులు జోడించింది.

"మీరేనా ఆ అన్నకొడుకు? రండి సార్, ఇంతసేపటికి వచ్చారు! ఆ పెద్దాయన ప్రతి మంచం దగ్గరా ఆగి మీ నాన్నగారి తమ్ముడు కావాలంటారు. పేరేంటండీ అంటే, తమ్ముడనే తెలుసు, పేరు ఎప్పుడూ అడగలేదు అంటారు. చివరికి ఈ మంచం దగ్గర ఆగిపోయి, 'ఇదుగో, వీడే' అని చేయి పట్టుకున్నారు."

మంచం మీది మనిషి తలంతా కట్లు. నిచ్చెన మీంచి పడ్డ రంగుల మేస్త్రీ అట. దవడ విరిగింది. నోరు తెరవకూడదని తీగతో కట్టేశారు. కట్ల మధ్య రెండు కళ్ళు మాత్రం బయటికి ఉన్నాయి.

"మరి ఈయన కాదని చెప్పలేకపోయారా?"

"నేను చెప్పేలోపు ఆయన ఊపిరి తీసుకుంటే కదండీ! పక్కన కూర్చుని అదే పనిగా మాట్లాడారు. ఈయన చేయి విడిపించుకోబోతే, నా బాధ అర్థం చేసుకున్నావు నాయనా అని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఈయన కళ్ళలోంచి నీళ్ళు కారితే, చూశారా, అన్న గుర్తొచ్చాడు అన్నారు. సభ అయిపోగానే మళ్ళీ వస్తారట. రాత్రంతా ఇక్కడే తోడుంటానని చెప్పి వెళ్ళారు."

రాత్రి అన్న మాట వినగానే మేస్త్రీ కళ్ళు పెద్దవయ్యాయి. కట్లు లేని చేత్తో పెద్దవాడి చొక్కా కొసను పట్టుకుని బతిమాలుతున్నట్టు చూశాడు. పెద్దవాడు ఆ చేతిని మెల్లగా విడిపించాడు. ఒక మనిషిని లేడని నిరూపించడం కష్టమని తెలుసు గానీ, కళ్ళారా చూసి చేయి పట్టుకుని వచ్చిన మనిషిని లేడని నిరూపించడం ఎలాగో అతను చదివిన చదువులో లేదు.

అప్పటికే సాయంత్రం కావచ్చింది. గ్రంథాలయం మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కేసరికి గది నిండిపోయి ఉంది. కుర్చీలు చెల్లెలు వేయించింది. మైకు ఎవరో ముందే ఊదేశారు. నాన్న పటం బల్ల మీద ఉంది. ముందు వరసలో అమ్మ, అమ్మకు అటు మేనత్త, ఇటు ఒక ఖాళీ కుర్చీ. ఆ కుర్చీకి తెల్లటి గుడ్డ పరిచి ఉంది. పెద్దవాడు వెళ్ళి అందులో కూర్చోబోయాడు.

"అది మీ బాబాయికోయ్!" అన్నారు హెడ్మాస్టారు మైకులోంచి. "రాకపోయినా, ఆయన చోటు ఆయనకి ఉండాలి."

అమ్మ తల తిప్పి కొడుకును చూసింది. పెద్దవాడు వెళ్ళి గోడవారగా నిలబడ్డాడు.

హెడ్మాస్టారు మొదలుపెట్టారు. మాట్లాడనన్న మనిషి మాట్లాడటం మొదలుపెడితే ఎలా ఉంటుందో అలా మాట్లాడారు. "ఈరోజు ఆసుపత్రిలో చూసి వస్తున్నాను. నోట మాట లేదు. నా చేయి పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఎలాంటి మనిషండీ ఆయన! మా ఆవిడ పోయిన కొత్తల్లో నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. వీధిలో కనబడ్డవాళ్ళని ఆపి మాట్లాడేవాణ్ణి. అందరూ ఏదో పని ఉందనేవాళ్ళు. తప్పు పట్టను, ఉంటాయి పనులు. అప్పుడు దొరికాడండీ ఈయన. పార్కు బెంచీ మీద, వీధి దీపాలు వెలిగేదాకా నా పక్కన కూర్చునేవాడు. ఒక్కరోజు కూడా పని ఉందనలేదు. అలాంటి తమ్ముణ్ణి ఆ అన్న ఎందుకు దూరం పెట్టాడో, ఈ కుటుంబం ఎందుకు దాచిపెట్టిందో..."

"నేను చెబుతాను ఎందుకో!" మేనత్త లేచింది. "మా నాన్న చేసిన నిర్వాకం అది! మా అమ్మ ఉసురు..."

ఇంక ఆగడానికి ఏమీ మిగల్లేదు. పెద్దవాడు వేదిక ఎక్కి మైకు అందుకున్నాడు. జేబులో రాసి తెచ్చుకున్న ఉపన్యాసం ఉంది. దాని సంగతే అతనికి గుర్తు లేదు.

"మా నాన్నకి తమ్ముడు లేడు!" మైకు కీచుమంది. "తాతయ్య మంచివారే. మాస్టారూ, మీరు పార్కులో కలిసింది మా నాన్ననే. కళ్ళజోడు తీసేసి టోపీ పెట్టుకున్నాడు. మీ నుంచి తప్పించుకుందామని మొదలుపెట్టి ఉంటాడు. నాకూ ఈరోజే తెలిసింది. పొద్దున్నే చెప్పాల్సింది, అబద్ధం చెప్పాను. అమ్మా... నీకు తెలీని సంగతి ఒక్కటీ బయటికి రాదని మాటిచ్చాను. నిలబెట్టుకోలేకపోయాను. వెళ్దాం రా."

హెడ్మాస్టారు నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డారు. ఊరంతా చూస్తుండగా అమ్మ లేచి నిలబడింది. చెప్పినట్టే చేస్తోంది, ఇక అయిపోయింది అనుకున్నాడు పెద్దవాడు. కాని అమ్మ తలుపు వైపు వెళ్ళలేదు. కొంగు సర్దుకుని వేదిక దగ్గరికి వచ్చింది.

"నువ్వు కూర్చో నాన్నా. నీకు తెలీదు. మీ నాన్నకి తమ్ముడు ఉన్నాడు."

"చూశారా!" అంది మేనత్త.

"మీరూ కూర్చోండి వదినా. మామగారి తప్పేం లేదు." అమ్మ మైకుకు కాస్త దూరంగానే నిలబడింది. అయినా చివరి వరస దాకా వినబడింది. "పెళ్ళైన కొత్తల్లో ఒకరోజు ఈయన నా మీద ఉట్టిపుణ్యానికి కేకలేశాడు. తప్పు ఆయనదే. ఎన్ని మాటలైనా ఆడతాడు గానీ, తప్పైపోయింది అన్న ఒక్క మాట ఆ నోట్లోంచి రాదు. విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఎవరో తలుపు కొట్టారు. తీస్తే ఈయనే. కళ్ళజోడు లేదు. జుట్టు పక్కకి దువ్వుకున్నాడు. చేతులు కట్టుకుని, 'నమస్కారం వదినగారూ. నేను ఆయన తమ్ముణ్ణి. అన్నయ్య నోరు జారాడట. మొండి మనిషి, తనంతట రాడు. ఆయన బదులు నేను క్షమాపణ అడుగుదామని వచ్చాను' అన్నాడు."

చెల్లెలు రెండు చేతులతో నోరు మూసుకుంది.

"లోపలికి రా మరిదీ అని టీ ఇచ్చాను. తాగి వెళ్ళాడు. ఆ తర్వాత మీ నాన్న వచ్చాడు, ఏమీ జరగనట్టు. ఇన్నేళ్ళలో మా ఆయన నాకు ఒక్కసారి కూడా క్షమాపణ చెప్పలేదు. చెప్పినవన్నీ మా మరిదే. ఆ మనిషి నా ఒక్కదానికే తెలుసనుకున్నాను." అమ్మ హెడ్మాస్టారి వైపు తిరిగింది. "మీ దగ్గరికి కూడా వచ్చేవాడని ఇప్పుడే తెలిసింది."

హెడ్మాస్టారు పటం వైపు తిరిగారు. "అంటే... నన్ను తప్పించుకోడానికేనా అమ్మా?"

"మొదటిరోజు అందుకే అయ్యుంటుంది మాస్టారూ. కానీ ఆ తర్వాత మీరు ఆయన కోసం వెతుక్కోలేదుగా? తనే టోపీ తీసుకుని, దుకాణం మూసి, పార్కు దాకా నడిచొచ్చేవాడు. తప్పించుకునే మనిషి ఎదురొస్తాడా?"

ఉన్నట్టుండి హెడ్మాస్టారు తల పైకెత్తారు. ఏదో లెక్క తేలని విద్యార్థిలా ఉంది ఆయన మొహం.

"ఉండండి ఉండండి. అన్నదమ్ములని కలుపుదామని, ఒట్టు తప్పకుండా అన్నకి సంగతి చెప్పకుండానే, ఒకసారి ఇద్దర్నీ మా ఇంటికి భోజనానికి పిలిచాను. అన్న ముందే వచ్చి, తమ్ముడొచ్చేలోపు తినేసి వెళ్ళిపోయాడు. ఆయన అటు వెళ్ళగానే తమ్ముడొచ్చాడు. బాగా తినమని నేనే కొసరి కొసరి వడ్డించాను. అంటే ఆ పూట..."

"ఆ రోజేనా!" అమ్మ గొంతు మారిపోయింది. "సాయంత్రం ఇంటికొచ్చి కడుపు పట్టుకుని పడుకున్నాడు! నేను చేసిందాంట్లో ఒక్క ముద్ద ముట్టలేదు! వంట నచ్చలేదేమోనని నేను రెండు రోజులు మాట్లాడటం మానేశాను!"

"మరి?" అన్నారు హెడ్మాస్టారు.

"మరేముంది? మరిది వచ్చి క్షమాపణ చెప్పాడు."

మొదట ఎవరు నవ్వారో తెలియదు. దర్జీ అంటారు కొందరు. పెద్దవాడికి మాత్రం అమ్మ నవ్వే ముందు వినబడింది. నాన్న పోయాక మళ్ళీ అదే వినడం. కళ్ళు తుడుచుకుంటూ, కొంగుతో పొట్ట అదుముకుంటూ నవ్వుతోంది. ఆ నవ్వు ముందు వరస దాటి వెనక వరసల్లోకి పాకింది. తాతగారు నిర్దోషి అని ఎవరో చెవిలో చెప్పాక మేనత్త కూడా కలిసింది.

"మరి ఆసుపత్రిలో నేను చేయి పట్టుకున్నదెవర్నోయ్?" అని హెడ్మాస్టారు అడిగారు.

"రంగుల మేస్త్రీనండి. రాత్రికి మీరు వస్తారని చాలా బెంగగా ఉన్నాడు" అని పెద్దవాడు ఉన్నదున్నట్టు చెప్పాడు. తను జోకు వేశానని గది అంతా గొల్లుమన్నాక గానీ అతనికి తెలియలేదు.

హెడ్మాస్టారు లేచి కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. "అమ్మా, మీకు పోయింది ఒక్కరు. నాకు మాత్రం ఇద్దరూ పోయారు. ఒకరితో పోట్లాడేవాణ్ణి, ఒకరికి చెప్పుకునేవాణ్ణి. అధ్యక్షుడిగా ఇది నా నిర్ణయం. ఇద్దరికీ విడివిడిగా మౌనం పాటిద్దాం. ముందు అన్నకి. తర్వాత తమ్ముడికి."

అందరూ లేచి నిలబడ్డారు. అమ్మ పటం పక్కన, పెద్దవాడి భుజం పట్టుకుని నిలబడింది.

అన్నగారి మౌనం ఎక్కడా చెదరలేదు గానీ, తమ్ముడిగారి మౌనం మాత్రం మొదలుపెట్టిన హెడ్మాస్టారితో సహా ఒక్కరి వల్లా కాలేదు.